జనపనారతో తరంగాన్ని తిప్పిన మాస్టారు

ఈ మధ్య మన ఈసీఈ వాళ్ల నోట "మెటాసర్ఫేస్" అనే మాట తరచూ వినిపిస్తోంది. వంగే పల్చటి పొర మీద తరంగదైర్ఘ్యం కన్నా చిన్న చిన్న లోహపు నమూనాలు వేస్తారు. పొరని వంచినా, సాగదీసినా దాని మీద పడ్డ టెరాహెర్ట్జ్ తరంగాల తీరు మారుతుంది. అంటే ఇక్కడ పదార్థం కన్నా దాని ఆకారానిదే పెత్తనం. ఈ ఆలోచన ఎక్కడ మొదలైందా అని వెతుకుతూ వెళ్తే నాకు కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ కనిపించారు. మొక్కల బోస్ గారే!

ఆయన 1858లో పుట్టారు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వంలో అధికారి. అయినా కొడుకుని ముందు బెంగాలీ బడికే పంపారు. అక్కడ పక్కన కూర్చున్నది ఒక జాలరి కొడుకు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఈ విషయం దగ్గర కాసేపు బుర్ర ఆగిపోయింది.

కేంబ్రిడ్జ్‌లో చదువుకుని వచ్చి 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. తెల్లవాళ్లకన్నా తక్కువ జీతం ఇస్తామన్నారు. ఆయన గొడవ చేయలేదు, పాఠాలూ మానలేదు. మూడేళ్లు జీతం ముట్టుకోకుండా పని చేశారు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి బకాయిలతో సహా మొత్తం ఇచ్చింది.

సరైన ల్యాబ్ కూడా లేదు. ఒక చిన్న గదిలో, సొంత ఖర్చుతో, స్థానిక రేకు పనివాడి చేత పరికరాలు చేయించుకున్నారు. వాటితోనే 5 మిల్లీమీటర్ల తరంగాలు పుట్టించారు. అంటే దాదాపు 60 గిగాహెర్ట్జ్, టెరాహెర్ట్జ్ గడపకి కాస్త ఇవతల! 1895లో కలకత్తా టౌన్‌హాల్లో ఆ తరంగాలు గోడలు దాటి వెళ్లి గంట మోగించాయి.

నాకు బాగా నచ్చింది ఆయన సామాను. బ్రాడ్‌షా రైల్వే టైమ్‌టేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టారు. పోలరైజర్ రెడీ! పుస్తకాన్ని తిప్పితే దాన్ని దాటే తరంగం పెరిగేది, తగ్గేది. 1898లో ఇంకో అడుగు వేశారు. జనపనారను మెలిపెట్టి తరంగానికి అడ్డంగా ఉంచారు. తరంగం కంపించే తలం తిరిగింది. నారను కుడికి మెలిపెడితే ఒకవైపు, ఎడమకి మెలిపెడితే రెండోవైపు. నార అదే, మారింది మెలిక మాత్రమే. ఈ రంగం చరిత్ర రాసేవాళ్లు ఈ ప్రయోగాన్ని తొలి పేజీల్లోనే చెబుతారు.

తర్వాత ఆయన మనసు మొక్కల వైపు మళ్లింది. 1917లో బోస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. బెంగాలీలో సైన్స్ వ్యాసాలు, ఒక సైన్స్ ఫిక్షన్ కథ కూడా రాశారు. 1937లో కన్నుమూశారు.

మెటాసర్ఫేస్‌కి తెలుగు మాట ఇంకా నాకు దొరకలేదు. కానీ "మెలిక" అనే మాట మనకి ఎప్పటినుంచో ఉంది. బోస్ గారి ప్రయోగం చెప్పడానికి నాకు ఆ ఒక్క మాట సరిపోయింది.