విద్యుత్ సూర్యుడు

మొక్కకు నేల, నీరు ఎంత అవసరమో వెలుగు కూడా అంతే అవసరం. ఎండ సోకని మూలన పెట్టిన మొక్క పాలిపోయి, సన్నగా సాగి, కిటికీ వైపు తల వంచుతుంది. అటువంటి మొక్కను సూర్యుడు లేని చోట మనిషి వెలిగించిన దీపం బ్రతికించగలదా? ఈ ప్రశ్నకు తన ఇంటి తోటలోనే సమాధానం వెదికిన శాస్త్రవేత్త సర్ విలియం సీమెన్స్.

ఆయన 1823 ఏప్రిల్ 4న జర్మనీలోని హానోవర్ నగరానికి సమీపంలో ఉన్న లెంతె గ్రామంలో ఒక పెద్ద కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కార్ల్ విల్‌హెల్మ్. పదహారేళ్ల వయస్సులో తల్లిని, ఆ మరుసటి సంవత్సరమే తండ్రిని కోల్పోయాడు. అన్న వెర్నర్ తమ్ముళ్ల భారాన్ని తన భుజాలపై వేసుకున్నాడు. విల్‌హెల్మ్ బడిలో ఇంగ్లీషు నేర్చుకొనేందుకు వీలుగా, వెర్నర్ తానే తెల్లవారుజామున లేచి అతనికి గణితం బోధించేవాడు. ఆ ఇంగ్లీషే తరువాత తమ్ముని జీవితాన్ని మలుపు తిప్పింది.

వెర్నర్ లోహాలకు విద్యుత్తుతో పూత పూసే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. దానిని అమ్మే బాధ్యతతో 1843లో, ఇరవై ఏళ్లయినా నిండని విల్‌హెల్మ్ లండన్ చేరాడు. ఆ మహానగరంలో అతనికి తెలిసినవారు లేరు. వీధిలో 'అండర్‌టేకర్' అన్న పెద్ద అక్షరాల పలక కనిపించగానే, పనులను చేపట్టి నడిపించే పెద్దమనిషి ఎవరో ఇక్కడ ఉన్నాడనుకొని లోపలికి వెళ్లాడు. తీరా అది శవపేటికలు తయారుచేసి అంత్యక్రియలు జరిపించేవారి దుకాణమని తెలిసి, నాలుక కరచుకొని బయటపడ్డాడు. అయినా నిరాశ చెందలేదు. చివరకు బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్‌టన్ అనే పారిశ్రామికవేత్త వెయ్యి పౌండ్లకు పైగా చెల్లించి ఆ పద్ధతిని కొనుక్కున్నాడు.

తరువాత ఆయన ఇంగ్లండులోనే స్థిరపడి విలియం అయ్యాడు. వృథాగా పోయే వేడిని తిరిగి వినియోగంలోకి తేవడమే ఆయన జీవితమంతా చేసిన సాధన. కొలిమి నుండి పొగతో పాటు వెళ్లిపోయే వేడిని ఇటుకల గదుల్లో నిలిపి, ఆ వేడితోనే లోపలికి వచ్చే గాలిని కాచే కొలిమిని తమ్ముడు ఫ్రెడరిక్‌తో కలసి రూపొందించాడు. ఉక్కు, గాజు పరిశ్రమల రూపురేఖలను ఆ కొలిమి మార్చివేసింది. 1870లో లండన్‌ను కలకత్తాతో కలిపిన తంతి మార్గ నిర్మాణంలోనూ సీమెన్స్ సోదరుల కృషి ఉంది.

కీర్తి, సంపద లభించినా ఆయనలోని జిజ్ఞాస చల్లారలేదు. టన్‌బ్రిడ్జ్ వెల్స్ సమీపంలో షెర్‌వుడ్ అనే తోట ఇల్లు ఆయనకు ఉండేది. చలికాలపు ఇంగ్లండులో పగలు చిన్నది, ఎండ అరుదు. అక్కడి గాజు గృహాల్లోని మొక్కలకు విద్యుద్దీపంతో వెలుగునివ్వాలని ఆయన సంకల్పించాడు. ఆనాటికి ఇళ్లకు కరెంటు తీగలు రాలేదు. కాబట్టి ఆయన తోటలోనే యంత్రంతో డైనమోను త్రిప్పి విద్యుత్తును ఉత్పత్తి చేశాడు. రెండు బొగ్గు కడ్డీల కొనల మధ్య మిరుమిట్లు గొలుపుతూ వెలిగే ఆర్క్ దీపాన్ని గాజు కప్పుకు పైన అమర్చి, వెలుగు చెదరకుండా క్రిందికి పడేటట్లు లోహపు పరావర్తకాన్ని బిగించాడు. ఆ దీపపు కాంతి 1,400 కొవ్వొత్తుల వెలుగుతో సమానం.

ఆవాలు, క్యారెట్, చిక్కుడు, దోస మొదలైన మొక్కలను కుండీల్లో పెంచి నాలుగు వర్గాలుగా విభజించాడు. మొదటి వర్గాన్ని పూర్తిగా చీకటిలో ఉంచాడు. రెండవదానికి దీపపు వెలుగును, మూడవదానికి పగటి వెలుగును మాత్రమే చూపాడు. నాలుగవదానికి పగలు ఎండ, రాత్రి దీపం రెండూ లభించాయి. చీకటిలోని మొక్కలు పసుపుబారి చనిపోయాయి. దీపపు వెలుగులోని ఆకులు లేత ఆకుపచ్చగా పెరిగాయి. రెండు వెలుగులూ అందుకున్నవి అన్నింటికంటె ఏపుగా ఎదిగాయి. ఈ ఫలితాలను 1880 మార్చిలో రాయల్ సొసైటీ ముందుంచాడు.

అయితే విజయం వెంటే ఒక పరీక్ష ఎదురైంది. తరువాతి చలికాలంలో దీపాన్ని గాజు గృహం లోపలే వ్రేలాడదీయగా, దాని ఎదుట ఉన్న ఆకులు ముడుచుకొని మాడిపోసాగాయి. మరొకరైతే ప్రయత్నం విరమించేవారేమో! సీమెన్స్ మాత్రం ఆ ఆకులనే పరిశీలించాడు. గాజు కప్పు మీదుగా వచ్చిన వెలుగు హాని చేయలేదు. అడ్డులేని వెలుగే చేసింది. మొక్కకు, దీపానికి మధ్య పలుచని గాజును అడ్డుపెట్టగానే ఆ హాని ఆగిపోయింది. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను గాజు చాలావరకు అడ్డుకోవడమే అందుకు కారణం.

ఆదివారపు రాత్రులు మినహా చలికాలమంతా దీపం వెలిగింది. అక్టోబరు చివర విత్తిన బఠాణీలు ఫిబ్రవరి 16కే కాపునిచ్చాయి. డిసెంబరులో చిగురించిన ద్రాక్షతీగ మార్చి 10 నాటికి పండ్లనిచ్చింది. ఇక్కడ కూడా ఆయన వృథాను సహించలేదు. ఆవిరి యంత్రం విడిచిన వేడితో గాజు గృహాలను వెచ్చబరచాడు. అదే యంత్రంతో పగటివేళ నీరు తోడించి, కట్టెలు కోయించాడు.

1883 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదునిచ్చి గౌరవించింది. అదే సంవత్సరం నవంబరు 19న ఆయన లండన్‌లో కన్నుమూశాడు.

మొక్కలకు రాత్రి విశ్రాంతి అవసరం లేదని సీమెన్స్ భావించాడు. అది అన్ని మొక్కలకూ వర్తించదని, కొన్ని పూయడానికి దీర్ఘమైన చీకటి కావాలని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు నిరూపించారు. చామంతి అటువంటిదే. పూత సమయాన్ని నియంత్రించడానికి చామంతి తోటల్లో రాత్రివేళ బల్బులు వెలిగించే పద్ధతి దక్షిణ భారత రైతులకూ తెలుసు. నేడు ఎల్‌.ఇ.డి. దీపాల క్రింద గదిలోనే ఆకుకూరలు పెంచుతున్నారు. తక్కువ ఖర్చుతో, తక్కువ వేడితో అవి పనిచేస్తున్నాయి. అయినా దీపం ఎంత ఎత్తున ఉండాలి, ఎన్ని గంటలు వెలగాలి అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పేది ఇప్పటికీ ఆకే. మాడిన ఆకును చూసి దీపాన్ని ఆర్పక, గాజును అడ్డుపెట్టిన ఆ ఓర్పే సీమెన్స్ జీవితం మనకు నేర్పే పాఠం.