76 ఏళ్ల వయసులో మళ్లీ వచ్చిన ఫాదర్ హయ్యర్

ఆదివారం ఆరాధనలో ఆ వారం పుట్టినరోజు ఉన్నవారు ముందుకు వస్తారు. కృతజ్ఞత కానుక వేస్తారు, పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. యువతీయువకులైతే చదువు, ఉద్యోగం, వివాహం కోసం, దేవుని సేవలో వాడబడాలని ప్రార్థిస్తాం. డెబ్బయి దాటిన పెద్దల వంతు వచ్చేసరికి ఆరోగ్యం ఒక్కటే అడిగి ఆమేన్ అంటాం. పత్తి చేలల్లో, మిరప తోటల్లో నడుము వంచి బతికిన ఆ పెద్దలు కూడా తమ పని ముగిసిందనే అనుకుంటారు. ముగిసిందా? గుంటూరులో లూథరన్ మిషన్‌కు పునాది వేసిన ఫాదర్ హయ్యర్ గారి జీవితాన్ని ఒకసారి చూద్దాం.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారు 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టారు. చిన్న వయసులోనే అమెరికా చేరి, బోధకుడై, చాలా ఏళ్లు ఊరూరా తిరిగి సంఘాలను కట్టారు. భార్య మరణించిన తరువాత భారతదేశానికి బయలుదేరారు. 49 ఏళ్లు నిండిన మూడు వారాలకు, 1842 జూలై 31న, గుంటూరు చేరారు. డొక్కల కరువు ఈ సీమను ఊడ్చేసి అప్పటికి పదేళ్లే. కలెక్టరు హెన్రీ స్టోక్స్ గారు ఆయనను ఆదరించారు. హయ్యర్ గారు బడులు తెరిచారు, సువార్త ప్రకటించారు.

కొన్నేళ్లకు అమెరికా వెళ్లినప్పుడు బాల్టిమోరులో వైద్యం చదివారు. యాభై దాటాక డాక్టరు పట్టా పుచ్చుకొని మళ్లీ వచ్చారు. ఈసారి పల్నాడులోని గురజాల వరకు వెళ్లి పనిచేశారు. 1857లో తిరిగి అమెరికా వెళ్లి, మిన్నెసోటాలో కొత్తగా స్థిరపడుతున్న వారి మధ్య సంఘాలు కట్టారు.

1869లో ఆయన జర్మనీలో ఉండగా ఒక కబురు తెలిసింది. పనివారు చాలక, రాజమండ్రి మిషన్‌ను ఆంగ్లికన్ మిషన్‌కు అప్పగించబోతున్నారట. ఆయన వెంటనే సముద్రం దాటి పెన్సిల్వేనియా సభలో నిలబడ్డారు. దాన్ని వదులుకోవద్దని, అవసరమైతే తానే వెళ్తానని చెప్పారు. సభ ఒప్పుకుంది. ఆ జూలైలో ఆయనకు 76 నిండాయి. ఆ ఏడాది ముగియకముందే రాజమండ్రిలో ఉన్నారు.

1870లో ఇద్దరు యువ మిషనరీలు వచ్చారు. వారిలో బెకర్ గారు వచ్చిన కొద్దికాలానికే కన్నుమూశారు. రెండవవారు శ్మిత్ గారు. ఆయనకు పని అప్పగించి హయ్యర్ గారు 1871లో సెలవు తీసుకున్నారు. శ్మిత్ గారు దశాబ్దాల పాటు అక్కడ సేవ చేశారు. హయ్యర్ గారు ఫిలడెల్ఫియా సెమినరీలో విద్యార్థుల నడుమ ఆఖరి రోజులు గడిపి, 1873 నవంబరు 7న, 80 ఏళ్ల వయసులో ప్రభువు సన్నిధికి చేరారు.

ఆ చివరి రాకలో ఆయన చేసింది చూడండి. మూతపడబోతున్న తలుపును పట్టుకొని నిలబడ్డారు, తరువాతివాడు రాగానే అతని చేతికి అప్పగించారు. వృద్ధాప్యానికి దేవుడిచ్చే పని తరచుగా ఇలాంటిదే. కాలేబు 85 ఏళ్ల వయసులో కొండసీమను అడిగాడు. అన్న వయసు మళ్లినా దేవాలయాన్ని విడవలేదు. ఒకరికి కాళ్లలో బలం ఉంది, ఒకరికి ప్రార్థనలో.

మనలో అందరూ సముద్రాలు దాటనక్కరలేదు. మిర్చి ధర పడిపోయిన ఏడాది, అప్పుల్లో కుంగి, ఇక బతకలేననుకునే కౌలురైతు మన సంఘంలోనే ఉండవచ్చు. అతని పక్కన కూర్చోవడానికి, అలాంటి ఏళ్లను దాటి వచ్చిన పెద్దాయనకన్నా తగినవారెవరు? రిటైరైన టీచరమ్మ కన్నా సండేస్కూలు పిల్లలకు ఓపికగా నేర్పేవారెవరు?

సంఘానికీ ఇందులో బాధ్యత ఉంది. ఆనాటి సభ ఆయన వయసు చూసి ఇంటికి పంపివేయలేదు. వచ్చే ఆదివారం ఒక పెద్దాయనో, పెద్దమ్మో పుట్టినరోజు కానుకతో ముందుకు వచ్చినప్పుడు, ఆరోగ్యంతో పాటు వారికొక పనిని కూడా ప్రభువును అడుగుదాం. ఆ పనిని వారి చేతికి ఇద్దాం.