శ్రీ హెచ్. ఎం. రెడ్డిగారు

చింతపల్లి పిల్లలకు పోలీసు ఠాణా యనగానే 1922 ఆగష్టు 22వ తేది జ్ఞప్తికి వచ్చును. ఆనాడు అల్లూరి సీతారామరాజుగారు ఇచ్చటి ఠాణాపై దాడిచేసి, తాము కొనిపోయిన ఆయుధముల లెక్కను వ్రాసియుంచి మరి వెళ్లిరి. నూరేండ్లు గడచినను ఆ దినమును గూర్చి ఎవరికిని సందేహము లేదు. దానికి వ్రాతయే కారణము. ఈ సంచికలో మేము వ్రాయబూనినది, పోలీసు కొలువును విడిచి వెండితెరపై తెలుగునకు మాట నేర్పిన యొకరి చరిత్రము. ఆయన తొలి కృషికి మాత్రము అట్టి భద్రత కలుగలేదు.

హనుమప్ప మునియప్ప రెడ్డిగారు బెంగుళూరువారు. యౌవనమున అచ్చట పోలీసు శాఖలో పనిచేసిరి. పిదప ఆ కొలువు మాని, బొంబాయి చేరి, మూగచిత్రముల కాలముననే ఇంపీరియల్ ఫిలిం కంపెనీలో పని నేర్చిరి. ఆ కంపెనీ యజమానులగు అర్దేషిర్ ఇరానీగారు 1931 మార్చి 14న భారతదేశపు మొదటి వాక్చిత్రమగు ఆలం ఆరాను విడుదల చేసిరి. తరువాత దక్షిణదేశ భాషలలో చిత్రము తీయు భారము రెడ్డిగారిపై బడెను.

మొదట కాళిదాస్ తీసిరి. అది 1931 అక్టోబరు 31న మద్రాసులో ప్రదర్శింపబడెను. అందు నాయిక తమిళమున పలుకగా నాయకుడు తెలుగున బదులు చెప్పును! బొమ్మలు మాటాడుటయే వింతయైన ఆ దినములలో జనులు దానినే తండోపతండములుగా వచ్చి చూచిరి.

అనంతరము సురభి నాటకసమాజము వారిని బొంబాయికి రప్పించి, భక్త ప్రహ్లాదను పూర్తిగా తెలుగుననే తీసిరి. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడుగను, సురభి కమలాబాయిగారు లీలావతిగను నటించిరి. నటించునప్పుడే మాటయు పాటయు యంత్రమున నెక్కవలెను. పిమ్మట దిద్దుకొను వీలు లేదు. అయినను మూడు వారములలోపుననే చిత్రము ముగించిరని ప్రసిద్ధి.

ఆ కాలముననే అమెరికాలో రెడ్డిగారిని తలపించు మరియొకరు కలరు. డాషియల్ హామెట్ గారు అపరాధ పరిశోధకుని కొలువు విడిచి నవలాకారులైరి. వారి నవలనుండి 1934లో హాలీవుడ్ వారు ది థిన్ మాన్ అను చిత్రమును తీసిరి. అదియు కొలది వారములలోనే ముగిసినది. హత్యారహస్యమును ఛేదించుచునే ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించిన చిత్రమది. దొంగలవెంట తిరిగినవారికి మనుష్యుల బలహీనతలు తెలియును. వానిని చూచి నవ్వుటయు తెలియును కాబోలు.

రెడ్డిగారి పిదపటి చిత్రములందును తప్పు, న్యాయము, నవ్వు అను మూడును కానవచ్చును. 1938లో రోహిణీ వారి గృహలక్ష్మిలో, నర్తకి మోహమున బడి యిల్లు చెడగొట్టుకొన్న వైద్యుని కథ చెప్పిరి. చిత్తూరు నాగయ్యగారు తొలుత తెరకెక్కినది ఆ చిత్రమునందే. 1951లో నిర్దోషిని తెలుగున, తమిళమున కూడ తీసిరి. 1954లో వై. ఆర్. స్వామిగారి దర్శకత్వమున వద్దంటే డబ్బు అను హాస్యచిత్రమును నిర్మించిరి. గడువులోగా ధనమంతయు ఖర్చు చేయవలసివచ్చినవాని అవస్థయే అందలి కథ. దానికి మూలము అమెరికా నవల. 1960 జనవరి 14న రెడ్డిగారు కాలధర్మము చెందిరి.

ఇక విచారకరమగు మాట యొకటి. కాళిదాస్ ప్రతిగాని భక్త ప్రహ్లాద ప్రతిగాని నేడు లభించుట లేదు. ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చిరకాలము అందరును చెప్పుకొనిరి. పరిశోధకులు నాటి సెన్సారు వివరములను, పత్రికలలోని ప్రకటనలను వెదకి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనదని తేల్చిరి. సాక్ష్యము సేకరించు కొలువు చేసినవారి పనికే సాక్ష్యము కరవైనది! ఆ తేదిని నిలిపినది వేలమంది కన్నులార చూచిన బొమ్మ కాదు, ఎవరును లక్ష్యపెట్టని పాత కాగితము.

బాలబాలికలారా! మీ యిండ్లలో అవ్వతాతలు చెప్పు మాటలు, పాడు పాటలు పెక్కు కలవు. వానిని నేడే వ్రాసికొనుడు. చెప్పినవారి పేరును, ఊరును, తేదిని మరువక చేర్చుడు. వారి గొంతు మూగవోయిన పిదప ఆ కాగితమే మాటాడగలదు.