రేణి అడవికి కాపలా కాసిన గౌరాదేవి

చిప్కో ఉద్యమం గురించి మన పిల్లలు పాఠంలో చదివే ఉంటారు. అందులో గౌరాదేవి పేరు ఒక్క వాక్యంలో వచ్చిపోతుంది. నిజానికి కాస్త తీరిగ్గా చెప్పుకోవాల్సిన మనిషి ఆవిడ.

1925లో ఇప్పటి ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని లాతా గ్రామంలో పుట్టారు. బడి ముఖం చూడలేదు. చిన్నప్పుడే పక్కనున్న రేణికి కోడలుగా వచ్చారు. 22 ఏళ్లకే భర్త పోయాడు, అప్పటికి చంకలో పిల్లాడు. వాళ్లు భోటియాలు. గొర్రెలు, ఉన్ని, టిబెట్‌తో వ్యాపారం, అదీ వాళ్ల బతుకు. 1962 యుద్ధంతో సరిహద్దు మూతపడింది, వ్యాపారమూ పోయింది. ఇక మిగిలింది కాస్త పొలం, అడవి. పొయ్యిలోకి కట్టెలు, పశువులకు మేత, మందు మొక్కలు అన్నీ ఆ అడవిలోంచే.

1970 జూలైలో అలకనందకు పెద్ద వరద వచ్చింది. ఇళ్లు, వంతెనలు, బస్సులు కొట్టుకుపోయాయి. ఎక్కడో కింద హరిద్వార్ దగ్గర గంగ కాలువ కూడా పూడిపోయిందంటే ఎంత మట్టి దిగిందో చూడండి. పైన కొండల్లో కాంట్రాక్టర్లు ఏళ్ల తరబడి చెట్లు కొట్టేశారు. చెట్లున్న చోట వాన ముందు కొమ్మల మీద, తర్వాత రాలిన ఆకుల మీద పడి నిదానంగా నేలలోకి ఇంకుతుంది, వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. బోడికొండ మీద పడిన వాన మట్టితో సహా ఒక్కసారిగా ఏట్లోకి దూకుతుంది. ఆ ఊళ్లవాళ్లకి ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పక్కర్లేకపోయింది.

అయినా 1974లో రేణి పైనున్న సుమారు 2,500 చెట్లను వేలం వేశారు. మార్చి 26న ఊళ్లో మగవాళ్లు లేరు. సైన్యం తీసుకున్న భూములకు పరిహారం ఇస్తామంటే చమోలీ వెళ్లారు. సరిగ్గా అదే రోజు కూలీలు గొడ్డళ్లతో అడవి దారి పట్టారు. ఒక చిన్నపిల్ల చూసి, పరుగున వచ్చి మహిళా మంగళ్ దళ్ పెద్ద అయిన గౌరాదేవికి చెప్పింది. ఇంటిపనులు వదిలేసి 27 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు ఆవిడ వెంట కదిలారు. అడవి తమకు పుట్టిల్లని, దాన్ని నరకొద్దని కూలీలకు నచ్చజెప్పారు. తుపాకీ చూపించి బెదిరించినా ఆవిడ జరగలేదు. ఆ రాత్రంతా కాపలా కాశారు. కొన్నాళ్లకు కూలీలే వెనక్కిపోయారు.

తర్వాత ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దాని నివేదిక వచ్చాక సుమారు 1,200 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతంలో పదేళ్లపాటు వ్యాపారం కోసం చెట్లు కొట్టడం ఆపేశారు. నా మటుకు అసలు గెలుపు ఇదే. గొడ్డలిని ఒక్క రోజులో ఆపొచ్చు గానీ, కొండ మళ్లీ పచ్చబడాలంటే ఏళ్లు పడుతుంది. ఆ జిల్లాలోని ఆడవాళ్లు శిబిరాలు పెట్టుకుని బోడి వాలుల మీద మొక్కలు నాటారు కూడా. కార్బన్ అన్న మాట అప్పుడు వాళ్లెవరూ ఎత్తలేదు. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బనే, చెట్టు నిలిచి ఉన్నంతకాలం అది గాలిలో కలవదు.

1983లో మన కర్ణాటకలోనే, సిర్సి దగ్గర సల్కణిలో, ఇదే దారిలో అప్పికో మొదలైంది. ఆ కన్నడ మాటకు అర్థం హత్తుకోవడమని మన పిల్లలకు చెప్పక్కర్లేదు.

గౌరాదేవి 1991లో కన్నుమూశారు. 2021 ఫిబ్రవరి 7న రేణి పక్కనే, రిషిగంగ లోయలో పైనుంచి రాయి, మంచు విరిగిపడి వరద ముంచెత్తింది. అలాంటిదాన్ని ఏ అడవీ ఆపలేదు, అది వేరే కథ. ఆ జూన్‌లో ఊరి నేల జారుతుంటే అధికారులు ఆవిడ విగ్రహాన్ని అక్కణ్ణుంచి తీసి జోషీమఠ్‌కు తరలించారు.