ఆర్ట్స్ కాలేజీకి రూపమిచ్చిన ఎర్నెస్ట్ జాస్పర్

ఉప్పల్, నాచారంలలో స్థిరపడిన మన పెన్షనరు మిత్రులలో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని చూడనివారుండరు. అయితే దానికి రూపమిచ్చిన వాస్తుశిల్పి పేరు ఎందరికి తెలుసు?

ఎర్నెస్ట్ జాస్పర్ 1876లో బెల్జియంలో జన్మించారు. కైరో శివారు ఎడారిలో బారన్ ఎంపెయిన్ తలపెట్టిన హీలియోపొలిస్ అనే కొత్త ఊరి నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించారు. అక్కడి ఇళ్లకు, వీధులకు అరబ్బు శిల్పరీతినే ఒరవడిగా తీసుకున్నారు. 1910లో ప్రారంభమైన హీలియోపొలిస్ ప్యాలెస్ హోటలు ఆయన రూపకల్పనే. అదే తరువాత ఈజిప్టు అధ్యక్ష భవనమైంది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలుత గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాలలో నడిచింది. అడిక్‌మెట్‌లో శాశ్వత భవనాలు కట్టదలచిన నిజాం ప్రభుత్వం 1930 ప్రాంతంలో నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను విదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. ఆ పర్యటన ఫలితంగానే జాస్పర్ హైదరాబాదుకు వచ్చారు.

పేరున్న మనిషి కదా, కైరో నమూనానే ఇక్కడ దించి పోవచ్చు. ఆయన అలా చేయలేదు. ముందు అజంతా, ఎల్లోరాలను చూశారు. అందుకే ఆర్ట్స్ కాలేజీ స్తంభాలలో గుహాలయాల పోలిక, తోరణాలలో ముస్లిం శిల్పరీతి పక్కపక్కనే ఒద్దికగా కనిపిస్తాయి. రాయి మాత్రం మన దక్కను గులాబి గ్రానైటే.

1934లో శంకుస్థాపన జరిగిన ఈ భవనాన్ని 1939 డిసెంబరు 4న ఏడవ నిజాం ప్రారంభించారు. మరుసటి ఏడాదే జాస్పర్ కన్నుమూశారు.

పరాయి గడ్డ మీద పని చేసేవాడు ముందు ఆ గడ్డను తెలుసుకోవాలని ఆయన జీవితం చెబుతుంది. ఈసారి మనుమలతో అటు వెళ్లినప్పుడు ఆ స్తంభాలను చూపి, ఆయన పేరు కూడా చెప్పండి.