రంగుతో రక్తాన్ని కొలిచిన ఎల్లాప్రగడ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా అడుగడుగునా రక్తపరీక్షా కేంద్రాలే. పొద్దున్నే పరగడుపున అక్కడ కూర్చునే చక్కెర రోగుల్లో మేమూ ఒకరం. సూది గుచ్చినప్పుడల్లా మాకు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. పేదరికంలో పెరిగారు. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన తోబుట్టువును పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేశారు.

1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. నమూనాలో రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఆ రంగు గుండా వెలుతురు పంపి లెక్క తేలుస్తారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో గుర్తించడానికి ఈ కొలతే తోడ్పడింది. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన బృందం బోదకాలుకు హెట్రజాన్ మందు తెచ్చింది. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

నాడు గాజుగొట్టంలో చేసిన పని నేడు చర్మం కిందికి చేరింది. జబ్బలో అమర్చే ఎవర్‌సెన్స్ పరికరానికి 2018లో అమెరికా అనుమతించింది. అందులోని చిన్న దీపం వెలిగితే, పైపూత చక్కెరను బట్టి మెరుస్తుంది. 2024లో ఏడాదిపాటు పనిచేసే రకానికీ అనుమతి దక్కింది. అయినా అప్పుడప్పుడు వేలి రక్తంతో సరిచూడాల్సిందే.

ఇది సుబ్బారావు పద్ధతికి వారసురాలు కాదు. వెలుతురును సాక్షిగా పిలిచే దారి మాత్రం ఒకటే. అందుకే మా విద్యార్థులకు ఆయన మందులకంటే ముందు ఆ నీలిరంగు గురించే చెబుతాం. కొలత లేని చోట వైద్యం ఊహే కదా!