జాన్ లాక్: స్వేచ్ఛ గురించి రాసిన వ్యక్తి, బానిసత్వంలో వాటాదారు



పిల్లవాడి మనసు తెల్లకాగితం లాంటిదనే మాట మీరు వినే ఉంటారు. ఆ ఆలోచనను ప్రపంచానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు జాన్ లాక్. పిల్లల్ని కొట్టి చదివించడం మంచిది కాదని, చదువు ఆటలా సాగాలని మూడు వందల ఏళ్ల క్రితమే ఆయన చెప్పారు. బీఈడీలో మేమంతా ఆయన్ని చదువుకున్నాం. అయితే ఆయన జీవితంలో మరో వైపు కూడా ఉంది.

లాక్ 1632లో ఇంగ్లండ్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, వైద్యం కూడా నేర్చుకున్నారు. 1668లో లార్డ్ ఆష్లీ అనే పెద్ద నాయకుడికి కష్టమైన ఆపరేషన్ దగ్గరుండి చేయించారు. ప్రాణం దక్కిన ఆష్లీకి లాక్ మీద నమ్మకం బాగా పెరిగింది.

అమెరికాలోని కరోలినా వలసకు యజమానులైన ఎనిమిది మందిలో ఆష్లీ ఒకరు. లాక్ వారికి కార్యదర్శిగా పనిచేశారు. 1669లో ఆ వలస కోసం తయారైన రాజ్యాంగంలో ఆయన చేయి కూడా ఉంది. నల్లజాతి బానిసల మీద యజమానికి సంపూర్ణ అధికారం ఉంటుందని అందులో రాశారు. బానిస ఏ చర్చిలో చేరినా బానిసగానే ఉండాలన్నారు. ఆ తర్వాత ఆఫ్రికా నుంచి మనుషుల్ని కొని అమ్మే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో లాక్ వాటాలు కూడా కొన్నారు.

1683లో రాజకీయ కారణాలతో ఆయన హాలండ్ పారిపోయారు. కొడుకును ఎలా పెంచాలో సలహా ఇస్తూ అక్కడి నుంచి ఒక మిత్రుడికి ఉత్తరాలు రాశారు. అవే 1693లో విద్య గురించిన పుస్తకంగా వచ్చాయి. అంతకుముందే 1689లో ప్రభుత్వం గురించి ఆయన రాసిన గ్రంథం వెలువడింది. మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛ గలవారని, సమానులని, ప్రజల సమ్మతి లేని పాలన చెల్లదని దాని సారాంశం.

అన్యాయంగా యుద్ధానికి దిగి పట్టుబడినవాణ్ణి మాత్రమే బానిసను చేయవచ్చని, అతని పిల్లల స్వేచ్ఛ మాత్రం పోదని కూడా ఆయన అందులో వాదించారు. కానీ తల్లి బానిస అయితే బిడ్డా బానిసేనని వర్జీనియా వలసలో 1662లోనే చట్టం వచ్చేసింది. అంటే ఆయన సిద్ధాంతం ప్రకారమే అమెరికాలోని బానిసత్వం తప్పు. అయినా దాన్ని తప్పని ఆయన బహిరంగంగా అనలేదు.

1704లో లాక్ కన్నుమూశారు. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో ఆయన ఆలోచనలు కనిపిస్తాయి. దాన్ని రాసిన జెఫర్సన్ కూడా బానిసల యజమానే. ఆ దేశమంతటా బానిసత్వం రద్దు కావడానికి 1865 దాకా పట్టింది.

పెద్ద తరగతుల సోషల్ పాఠాల్లో లాక్ పేరు వస్తుంది. అప్పుడు పిల్లలకు ఆయన గొప్పతనంతోపాటు ఇది కూడా చెప్పండి. మంచి మాట రాసిన మనిషి దాన్ని అందరికీ ఎందుకు వర్తింపజేయలేదో వారినే ఆలోచించమనండి. జవాబు వెంటనే చెప్పేయకండి. వాళ్లు ఆలోచించి చెప్పేదాకా ఆగి వినండి. పిల్లలకు కారణాలు చెప్పి, వాళ్లతో తర్కించాలని తల్లిదండ్రులకు సలహా ఇచ్చింది కూడా లాకే.